మంగళగిరికి చిత్రశాల వలదా?

రాజధానిని నిర్మింప బూనిన ప్రజ మొదట కచేరీలను, న్యాయస్థానములను, రాజమార్గములను తలపోయుట సహజమే. ఇవి దేహమునకు అన్నవస్త్రముల వంటివి. కాని అన్నవస్త్రములతోనే మానవజీవితము నిండుకొననట్లు కచేరీలతోను, రోడ్లతోను రాజధాని నిండుకొనదు. 2015 అక్టోబరు 22వ తేదీన ఉద్దండరాయునిపాలెమున శంకుస్థాపన జరిగిన నాటినుండి అమరావతిని గూర్చి భవనముల యెత్తులు, రహదారుల వెడల్పులు, ఋణముల మొత్తములు మనము కావలసినంతగా విని యున్నాము. మన కాలపు చిత్రకారుల పనియు, శిల్పుల పనియు ఈ రాజధానిలో ఎక్కడ నుంచబడును, దానిని ఎవరు చూతురు అను ప్రశ్న మాత్రము అరుదుగా వినబడినది.

ఈ ప్రశ్నను మంగళగిరినుండి అడుగుటకు హేతువు గలదు. గుంటూరునకును విజయవాడకును నడుమ రాజమార్గముపై నున్న ఈ పట్టణము తాడేపల్లితో గూడి 2021లో నగరపాలక సంస్థ యైనది. నవులూరు, నిడమఱ్ఱు, కురగల్లు, కృష్ణాయపాలెము మొదలగు ఈ మండలపు గ్రామములు తమ భూములను రాజధానికి సమర్పించినవి. ఇది నేతగాండ్ర యూరు, యాత్రికుల యూరు. ఇట్టిచోట నేటి ఆసియా ఖండపు చిత్రకళను, శిల్పమును మన కళతో జేర్చి చూపు నొక శాల వెలయవలెనని మేము ప్రతిపాదించుచున్నాము. ఇది విలాసము గాదు. మనకు రావలసిన పాత బాకీ.

బాకీ యనుటకు చరిత్రయే సాక్షి. మంగళగిరికి అనతిదూరమున కృష్ణాతీరమునందు ధాన్యకటక మహాస్తూపము వెలసి యుండెను. ఆ శిల్పుల యులి నేర్పిన తీరు లంకకును, సముద్రము దాటి ఆగ్నేయాసియా దేశములకును వ్యాపించెను. 1921లో సెలెబిస్ దీవియందు సెంపగ యనుచోట దొరకిన కంచు బుద్ధవిగ్రహములో పండితులు అమరావతి పోలికలను గుర్తించిరి. నాగార్జునకొండయందు ఉపాసిక బోధిశ్రీ వేయించిన శాసనములో తామ్రపర్ణి, కాశ్మీర, గాంధార, చీనా మొదలగు దేశముల పేళ్లు వరుసగా కానవచ్చును. ఆ కాలపు ఆంధ్రదేశములో ఒక గృహస్థురాలు సయితము అంత విశాలమైన ఖండమును తన మనస్సులో నిలుపుకొన గలిగెను. పదునేడవ శతాబ్దమున మచిలీపట్టణపు అద్దకపు గుడ్డలు డచ్చివారి యోడలపై జపాను చేరి, 'సరస' యను పేరున ప్రసిద్ధికెక్కినవి. అచ్చటి తేనీటి వేడుకల పాత్రలకు ఆ గుడ్డల తునకలనే సంచులుగా కుట్టి అపురూపముగా దాచుకొనిరి. మన చేతిపని ఆసియా యిండ్లలో అతిథి యైనది. ఆసియా చేతిపనికి మన యింట నేడు చావడి లేదు.

పోగొట్టుకొన్న కథయు నీ నేలదే. మంగళగిరి లక్ష్మీనరసింహస్వామి యాలయమునకు పదునొకండంతస్తుల గాలిగోపురమును 1807 - 1809 సంవత్సరముల నడుమ కట్టించిన రాజా వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు గారే అమరావతిని తన రాజధానిగా చేసికొనిరి. ఆ నూతన పట్టణమునకు రాళ్లును, ఇటుకలును గావలసివచ్చి దీపాలదిన్నె త్రవ్వబడెను. 1797లో కర్నల్ మెకంజీ వచ్చి చూచునప్పటికే త్రవ్వకము సాగుచుండెను. 1845లో వాల్టరు ఎలియటు మరికొన్ని శిల్పములను వెలికిదీసి చెన్నపట్టణమునకు పంపెను. వానిలో పెక్కులు 1859లో లండను చేరినవి. 1880లో బ్రిటిష్ మ్యూజియము పాలైనవి. నేడు నూటికి పైగా అమరావతి ఫలకము లచ్చట నున్నవి. 1992లో వానికై అచ్చట ప్రత్యేకశాల యేర్పడినప్పుడు దానికి ద్రవ్యసహాయము చేసినది అసాహి షింబున్ అను జపాను దినపత్రిక. ఆ శాలకు ఆ పత్రిక పేరే పెట్టిరి. మన నేలరాళ్లు, ఆంగ్లేయుల మేడ, జపానువారి ధనము! ఈ మూడింటినడుమ ఆంధ్రుని భాగ మేమి? ఒకే ప్రభువు చేతిమీదుగా ఒక గోపురము లేచినది, ఒక స్తూపము కూలినది. ఆయనకు భక్తి లేక కాదు, దాతృత్వము లేక కాదు. పాతరాతి విలువ నెఱిగి చెప్పగల వ్యవస్థ ఆనాడు లేకపోయెను. శాలలు, పాలకులు, పట్టికలు ఎందుకని యడుగువారికి ఈ యొక్క యుదాహరణము చాలును.

ఆధునిక యుగమున ఆసియా కళాకారులు మరల నొకరినొకరు వెదకికొనిరి. జపాను పండితుడు ఒకకురా 1902 ప్రాంతమున భారతదేశమునకు వచ్చెను. 1903లో యొకొయామా తైకాన్, హిషిదా షున్సో యను నిద్దరు చిత్రకారులు కలకత్తా చేరిరి. వారి పని చూచి అవనీంద్రనాథ ఠాకూరు తడిరంగుల పూతపద్ధతిని తనదిగా జేసికొనెను. ఆ సంప్రదాయమునకు చెందిన ప్రమోదకుమార చట్టోపాధ్యాయుడు 1920ల తొలినాళ్లలో బందరు ఆంధ్ర జాతీయ కళాశాలకు వచ్చి మన బిడ్డలకు కుంచె పట్టుట నేర్పెను. అడివి బాపిరాజు గారు ఆయన శిష్యులే. టోకియోనుండి కలకత్తాకు, కలకత్తానుండి బందరునకు వచ్చిన ఆ రంగుచుక్క ప్రయాణమును స్మరించినచో, ఆసియా కళ మనకు పరాయిదని యనుటకు నోరాడదు. 1939 - 40లలో చీనా చిత్రకారుడు షూ బెయ్‌హాంగ్ శాంతినికేతనమునకు వచ్చి, కొండలను కదలింప బూనిన వృద్ధుని కథను పెద్ద పటముగా రచించెను. తన దేశము యుద్ధమున మునిగియున్న సమయమున, తరతరముల యోర్పును జెప్పు ఆ పటమును ఆయన మన నేలపై, మనవారిని ఎదుట నిలుపుకొని వ్రాసెను.

తెలుగువారిలో ఒక పట్టణమునకు స్థిరమైన చిత్రశాల నిచ్చినవాడు దామెర్ల రామారావు. 1897లో రాజమహేంద్రవరమున జన్మించి, కళాశాలాధ్యక్షుడు ఆస్వల్డు కూల్డ్రే ప్రోత్సాహమున బొంబాయి జె.జె. కళాశాలలో చదివి, మరలివచ్చి స్వస్థలముననే చిత్రకళాశాల నెలకొల్పెను. 1924లో లండను సమీపమున వెంబ్లీయందు జరిగిన ప్రదర్శనములో ఆయన పటములుంచబడినవి. మరుసటి యేటనే మశూచి వాతబడి ఇరువదియెనిమిదేండ్లయినను నిండకమున్నే గతించెను. భార్య సత్యవాణి గారు, మిత్రుడు వరదా వెంకటరత్నము గారు మొదలగువారు ఆ పటములను కాపాడకున్న నేడు మనకాయన పేరు మాత్రమే మిగిలి యుండును. వారి శ్రమవలననే గోదావరి గట్టున ఆయన పేర చిత్రశాల నిలిచినది. ఒక శాలకు ప్రాణము గోడలలో నుండదు, కాచుకొను మనుష్యులలో నుండునని రాజమహేంద్రవరము మనకు నేర్పిన పాఠము. ఆ శాల యొక మహానుభావుని స్మారకము. ఇతర దేశముల నేటి పని నెదుట నిలిపి బేరీజు వేయుటకు ఏర్పడినది కాదు. హైదరాబాదు సాలార్జంగు మ్యూజియములో చీనా, జపాను వస్తువులు పెక్కులున్నను అవి గతకాలపు సంపద. బ్రదికియున్న చిత్రకారులను బ్రదికియున్న ప్రేక్షకులకు చూపు ఆసియా శాల మన ప్రాంతమునకు కావలసి యున్నది.

అట్టి శాలను ఒక పట్టణము తనకై తాను నిర్మించుకొన గలదా? జపానులోని ఫుకువోకా నగరము నిర్మించుకొన్నది. అది టోకియో కాదు, క్యోటో కాదు. క్యూషూ దీవియందలి రేవుపట్టణము. 1979లో ఆ నగరపు చిత్రశాల తెఱవబడినప్పుడు పారిసునందో న్యూయార్కునందో మన్నన గన్న పటములను దెచ్చి మురియుటకు బదులు, భారత, చీనా, జపాను దేశముల ఆధునిక చిత్రములను ఒక్కచోట నుంచిరి. మరుసటి యేట తక్కిన ఆసియా దేశముల వారిని పిలిచిరి. ఇరువదియేండ్లు సేకరించి సేకరించి, 1999 మార్చిలో ఆసియా కళకే ప్రత్యేకముగా ఫుకువోకా ఆసియా కళామందిరమును స్థాపించిరి. అది బజారు నడుమ నంగళ్లున్న యొక భవనపు ఏడు, ఎనిమిది యంతస్తులలో నున్నది; కూరగాయలకు వచ్చిన యిల్లాలు పటములను గూడ చూచి పోవచ్చును. అచ్చట మహాచిత్రకారుల పటములతో బాటు బంగ్లాదేశపు రిక్షాలపై వేయు రంగుబొమ్మలు మొదలైన జానపదుల పనికి సయితము స్థానము గలదు. ఇతర దేశముల కళాకారులను కొన్ని వారములు తమ యూర నుంచుకొని, బడిపిల్లలతోను, పనివారితోను గలిసి పని చేయింతురు.

ఆ శాల యున్న హకాటా పేట పట్టునేతకు పేరెన్నిక గన్నది. అచ్చటి నడికట్లు జపానంతట ధరింతురు. ఆ నేతవిద్య పదుమూడవ శతాబ్దమున చీనానుండి వచ్చినదని ప్రతీతి. నేతగాండ్ర పేటలో ఆసియా చిత్రశాల! ఈ మాట వినినతోడనే మంగళగిరివాని మనస్సు తన వీథులవైపు పోవలదా? గుంటమగ్గముపై నేసిన మన చీరకు, నిజాం అంచునకు దేశమంతట మన్నన గలదు. 2013లో దానికి భౌగోళిక సూచిక లభించినది. అయినను మరమగ్గపు అనుకరణ పేటపేటకును వచ్చి నేతగానిని క్రుంగదీయుచున్నది. చౌకధరలో మరమగ్గముతో అతడు పోటీపడజాలడు. నేర్పులోను, క్రొత్త ఊహలోను పడగలడు. హకాటా నేతనో, జావా బాటిక్కునో, నేటి కొరియా వస్త్రశిల్పమునో కన్నులార చూచిన నేతగాని పడుచుకొడుకునకు కలుగు ఊహను ఏ ప్రభుత్వపు రాయితీ కలిగింపగలదు?

మరికొన్ని యూళ్ల మాట చెప్పుదుము. ఆస్ట్రేలియాలో బ్రిస్బేన్ నగరపు శాల 1993 మొదలు మూడేండ్ల కొకమారు ఆసియా పసిఫిక్ కళాప్రదర్శనము జరుపుచున్నది. 2012 డిసెంబరులో కొచ్చిన్ కోటలో బోస్ కృష్ణమాచారి, రియాజ్ కోము అను చిత్రకారులు సముద్రతీరపు పాత గిడ్డంగులలో మహాప్రదర్శనము నారంభించిరి. ఒకనాటి వర్తకపు సరకులున్నచోట చిత్రము లున్నవి. పత్తి మిల్లులు, పొగాకు గిడ్డంగులు గల గుంటూరు సీమకు ఈ సూచన పనికిరాదా? 2015లో మన రాజధానికి పటము గీసియిచ్చిన సింగపూరువారు ఆ యేడే నవంబరులో తమ పాత న్యాయస్థానమును, నగరమందిరమును గలిపి జాతీయ చిత్రశాలగా మార్చి, ఆగ్నేయాసియా చిత్రములను అందు నిలిపిరి. వారినుండి రోడ్ల పటమును గైకొన్న మనము ఈ బుద్ధిని గూడ గైకొనవలసినది.

ఇంక ఆక్షేపణలు. నేటి చిత్రము లర్థము గావు, అందుండదు, మన సంప్రదాయమునకు సరిపడవు అని పెద్దలు కొందరందురు. అర్థము గాకుండుట కొంతవరకు అలవాటు లేకుండుటయే. సంగీతము వినని చెవికి రాగాలాపన యంతయు నొక్కటియే. తెలుగువాడైన కృష్ణారెడ్డి చిత్తూరు మండలపు నందనూరునుండి శాంతినికేతనము, లండను, పారిసు, న్యూయార్కు చేరి ముద్రాచిత్రములలో లోకప్రసిద్ధుడై 2018లో దివంగతు డయ్యెను. ఒకే లోహపు పలకను వేర్వేరు లోతులుగా చెక్కి, నూనెపాలు హెచ్చుతగ్గులుగా గల రంగులను మెత్తని, గట్టి రోలర్లతో నద్దినచో, రంగులు కలిసిపోక ఒక్క ముద్రతోనే పలువన్నెల చిత్రము దిగును. ఆ పద్ధతిని తీర్చిదిద్దిన వారిలో ఆయన ముఖ్యుడు. పోగు పోగునకు రంగు నిలుపుట యెఱిగిన మన సాలెవానికి ఈ విద్యను వివరించినచో క్షణములో గ్రహించును. వివరించువా డుండవలెను, అందుకే శాల గావలెను.

అందము మాటకు వత్తము. ఆసియా కళ యనగా తామరపూలు, మబ్బులు, ధ్యానముద్రలు మాత్రమే యని తలచుట పొరపాటు. ఆసియా యొక్కటియే యను నినాదమును చేతబట్టి జపాను సైన్యములు 1930ల, 40లలో పొరుగు దేశములను ఆక్రమించినవి. ఆ గాయములు కొరియా, చీనా, ఫిలిప్పీను చిత్రకారుల కుంచెలలో నేటికిని పచ్చిగా నున్నవి. 1980 మే మాసమున కొరియాలోని గ్వాంగ్జు పట్టణమున ప్రజాస్వామ్యము కోరిన జనముపై తుపాకులు ప్రేలినవి; ఆ మృతుల స్మృతిని నిలుపుటకు ఆ పట్టణము 1995లో అంతర్జాతీయ కళాప్రదర్శనమును స్థాపించినది. మన రాజధాని గ్రామముల రైతులు, అందు విశేషించి స్త్రీలు, 2019 డిసెంబరు మొదలు నాలుగేండ్లకు మించి దీక్షలు సలిపిరి. ఆ దినముల జ్ఞాపకము పత్రికల పుటలలో పసుపువన్నెకు తిరుగుచున్నది. అది చిత్రపటములలో, శిల్పములలో మనుమల కొఱకు నిలువవలదా? తనను తాను చూచుకొనుటకు ప్రతి జాతికిని అద్దము గావలెను. అద్దము ముఖమునందలి మచ్చను గూడ చూపును. అంతమాత్రమున దానిని పగులగొట్టము.

మన పాతశిల్పములకే దిక్కులేదు, క్రొత్తవి యెందుకని మరియొక యాక్షేపణ. ఇది నిజమైన బాధ. కాని పాతదానిని ప్రేమించు కన్నులు ఆకాశమునుండి ఊడిపడవు. చూచుట నేర్చిన కన్నులే పాతదానిని గూడ కాపాడును. క్రొత్తపటము నెదుట నిలిచి యిది యెట్లు చేసిరని యడుగు బాలుడే రేపు అమరావతి ఫలకము నెదుట నిలిచి యిది యేల లండనులో నున్నదని యడుగును.

ఇక ఖర్చు. మేము మేడలను కోరుట లేదు. పాత గిడ్డంగియైనను, నగరపాలక సంస్థవారి యొక విశాలమైన మందిరమైనను ఆరంభమునకు చాలును. ఏటేట ఆసియాలోని యొక దేశమునుండి ఎరవుగా చిత్రములు దెచ్చి ప్రదర్శింపవలెను. ఒక విదేశ కళాకారుని ఒక నెల మంగళగిరిలో నుంచి నేతగాండ్రతో గలిసి పని చేయింపవలెను. ఆ నెలలో జేసిన పనిలో నొకటి శాలకు మిగులవలెను. ప్రతి పటము క్రిందను చక్కని తెలుగులో వివరణ యుండవలెను. తెలుగు రాని శాల తెలుగువారిది కాదు. బడిపిల్లలకు రుసుము వలదు. ఫాల్గుణమాసపు బ్రహ్మోత్సవములకు పల్లెలనుండి వచ్చు జనము గోపురమును చూచి యటనుండి నేరుగా శాలకు పోవునట్లు ఆ దినములలో రాత్రి పొద్దుపోవువరకు తలుపులు తెఱచి యుంచవలెను. కొనుగోలులను నిర్ణయించువారు కళ యెఱిగినవారు గావలెను, పదవుల నాశించువారు గారాదు. లెక్కలు ఏటేట ప్రకటింపబడవలెను.

వీనికన్న ముఖ్యమైనది సంరక్షణము. కృష్ణాతీరపు ఉక్కయు, వానకాలపు చెమ్మయు కాగితమునకు, గుడ్డకు, రంగునకు పరమశత్రువులు. బూజు పట్టిన పటమును ఏ యుపన్యాసమును బాగుచేయజాలదు. ఈ సంగతి మన రైతునకు మేము చెప్పనక్కరలేదు. మిరపకాయ వన్నె తగ్గినచో వెల తగ్గునని, చెమ్మ తగిలినచో సరకు పాడగునని యెఱిగి గుంటూరు చుట్టును శీతల గిడ్డంగులలో బస్తాలను భద్రపఱచుకొనుచున్నాడు. ఎఱ్ఱని కాయ వన్నె నిలుపుటకు అంత శ్రద్ధ వహించు సీమ, ఎఱ్ఱని రంగు వన్నె నిలుపుటకు ఆ శ్రద్ధలో నూఱవపాలు వహించిన చాలును. చదివిన సంరక్షకు డొకడు, సమశీతలముగా నుండు గది యొకటి, తప్పులేని పట్టిక యొకటి: ఈ మూడును లేనిచో ఆరంభోత్సవమే జరుపవలదు.

భూస్వాములకు ప్రత్యేకముగా నొక మాట. ఈ సీమలో గుళ్లు, సత్రములు, బడులు, గ్రంథాలయములు మీ పెద్దల యీవివలన వెలసినవి. ప్రభుత్వము వచ్చి చేయునని వారు కూర్చుండలేదు. రాజధాని వలన భూముల వెలలు పెరిగినచో ఆ పెరుగుదలలో ఊరుమ్మడికి కొంత పాలు చెందవలదా? వివాహములకు వేయు పందిళ్ల వ్యయములో నొక చిన్న భాగము ఏటేట చేర్చినచో చిత్రశాలకు మూలధన మేర్పడును. వర్తకులు, మిల్లుదారులు, విదేశములలో నున్న మన బిడ్డలు తలయొక చేయి వేయవచ్చును. ప్రభుత్వము స్థలమును, చట్టరక్షణమును ఈయవలెను. ప్రజలు ప్రాణమును పోయవలెను.

కొండపై పానకాలస్వామి భక్తుడు సమర్పించిన పానకములో సగము తాను గ్రహించి సగము భక్తునికే విడుచునని మన విశ్వాసము. ఇచ్చిపుచ్చుకొనుటకు ఇంతకన్న చక్కని మర్యాద లేదు. ఒకనాడు ఆంధ్రుడు ఆసియాకు ధారాళముగా నిచ్చెను. నేడు ఆసియానుండి పుచ్చుకొనుటకును, పుచ్చుకొన్నదానికి మరల ఈయగలుగుటకును ఒక చావడి నేర్పఱచుకొనవలెను. కచేరీలు ప్రభుత్వములతో మారును, మార్గములు వాహనములతో మారును. పదునైదు పదునాఱేండ్ల పిల్లవాని కన్నులలో నొక్కమారు పడిన గొప్ప చిత్రము ఆతనితో జీవితాంతము నడచును. మంగళగిరి నగరపాలకులు, రాజధాని నిర్మాతలు, గుంటూరు మండలపు ధనవంతులు ఈ విషయమును ఇకనైనను తమ కార్యపట్టికలో జేర్తురుగాక!